భోజన్న పోసిన సాక

గల్ఫ్‌లో మేం పనిచేసే ముసఫ్ఫాలో రోడ్డు వైపు అన్నీ అద్దాల షోరూములే. వాటి వెనక, గ్యారేజీల మధ్య ఓ ఇరుకు సందు. జగిత్యాల వైపు మనుషులు సెలవు సాయంత్రాలు అక్కడ పాత టైర్ల మీద కూర్చుని గుట్టుగా తాగుతారు. నేను కోనసీమవాణ్ణి, మందు ముట్టను. ఉడికించిన శనగల కోసం వెళ్తాను. సిగ్గెందుకు?

ఆ సందుకు పెద్దదిక్కు వెల్డర్ భోజన్న. చచ్చిపోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి, నాలుగు చుక్కలు నేల మీద సాక పోయనిదే ఎవరినీ తాగనిచ్చేవాడు కాదు. ఇక్కడ నేలెక్కడిదని నేను ఆటపట్టిస్తే, "సిమెంటు కింద మన్నే గద తమ్మీ" అనేవాడు.

కరోనా ఏడాది అతని పక్కమంచం రత్నాకర్‌ను అంబులెన్సులో తీసుకెళ్లారు. వారాల తరబడి కబురు లేదు. క్యాంపులో ఎవడో ఖలాస్ అన్నాడు. భోజన్న పసిపిల్లాడిలా ఏడ్చి, రత్నాకర్‌ను పిలిచి సాక పోశాడు.

తర్వాత కొన్నాళ్లకు రత్నాకర్ సగం మనిషై నడిచొచ్చాడు. అందరం సంతోషించాం, భోజన్న తప్ప. పిలిచిన పిలుపు ఊరికే పోదని, ఒకరిని తీసుకునే పోతుందని వాళ్లమ్మ చెప్పేదట. ఇక మందు మానేశాడు. రత్నాకర్ నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. దగ్గితే లేచి కూర్చునేవాడు.

"నన్ను పీనుగు లెక్క చూడకు అన్నా," అన్నాడు రత్నాకర్ ఓ రోజు విసిగిపోయి.

"నోటితోని పిల్చిన. వాపస్ ఎట్ల తీస్కోను?"

ఆ మరుసటి సెలవునాడు భోజన్న గ్లాసు అందుకున్నాడు. "భోజన్నా, రా, తాగు" అని తనను తానే పిలుచుకుని, నేల మీద పోశాడు. నేను శనగల పొట్లం పక్కన పెట్టేశాను. అతను మాత్రం మళ్లీ మనిషయ్యాడు. తాగాడు, నవ్వాడు, రత్నాకర్ వీపు చరిచాడు.

ఆ ఎండాకాలమే పనిలో కుప్పకూలాడు. డాక్టరు గుండె అన్నాడు. నేనూ గుండే అంటాను. ఇలాంటివి నేను నమ్మను.

రత్నాకర్ మార్చురీకి వెళ్లి, ముఖం చూసి, చెయ్యి తాకి, ఆ తర్వాతే సందుకు వచ్చాడు. గ్లాసు ఎత్తాడు. పేరు పిలుస్తాడని అందరం ఎదురుచూశాం. అతను గ్లాసు దించాడు.

"అన్న సాక అన్ననే పోస్కున్నడు," అన్నాడు చివరికి. "నేనేం పొయ్యాలె?"

నిండు గ్లాసు భోజన్న టైరు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ టైరు మీద ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. నేనూ కూర్చోను.