ఢోబ్లే తట్టని తలుపు

పురుషోత్తం ఢోబ్లేకి అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బింది. నాగపూర్‌లో మా వీధి మొగలో పోహా బండివాడు అటుకుల మీద తర్రీ పులుసు పోస్తుంటే, "నిన్నటిది కాదుగదా?" అని వాసన చూడందే చెంచా ముట్టడు. ఇంట్లో భార్య కుంద స్నానానికి వెళ్లిందంటే చాలు, ఆవిడ ఫోను ఈయన చేతిలో ఉండేది. ఆవిడకది తెలుసు. ఫోను బల్లమీద బోర్లా పెట్టి వెళ్లేది, వచ్చేసరికి అది వెల్లకిలా ఉండేది. ఇన్నేళ్లూ ఒక్కమాట అనలేదు మహాతల్లి!

అలాంటివాడు సహకార బ్యాంకులో కంప్యూటర్ల గది చూసుకుంటున్నాడంటే బ్యాంకుకి ఒకందుకు మంచిదే. అయితే ఈమధ్య మేనేజరు పిలిచి, "ఢోబ్లే, ఎథికల్ హ్యాకింగ్ పరీక్ష పాసై రండి. దీపావళిలోగా సర్టిఫికెట్ తెస్తే భద్రత అంతా మీ చేతికే. లేదా పుణె నుంచి మనిషిని తెచ్చుకుంటాం, మీరు మళ్లీ కౌంటర్లో కూర్చోవాలి," అన్నాడు. దొంగ ఎక్కణ్ణుంచి దూరతాడో ముందే దూరి చూసి చెప్పే విద్య అది. పరీక్షకి కూర్చోవాలంటే శిక్షణ అయిందని ఏదో ఒక సంస్థ రాసివ్వాలి.

ఎంత శిక్షణ కావాలన్న దగ్గరే మనవాడికి పురుగు తొలిచింది. సీతాబర్డీ బజార్లో ఒక సంస్థ బోర్డుమీద 'అయిదు రోజులు చాలు' అని ఉంది. దానికి ఎదురు మేడమీద పాఠాలు చెప్పే వృషాలీ మేడం మూడు నెలలంది.

"అదే పరీక్షకి ఎదురాయన అయిదు రోజులంటున్నాడు. మీరెందుకు సాగదీస్తున్నారు?" అని మొహంమీదే అడిగేశాడు.

"కొందరికి మూడు నెలలూ చాలవు భావూ," మరాఠీలో అన్నా అని పిలుస్తూ అందావిడ.

"ఎవరికి?"

"అది ముందే ఎలా చెప్పను?"

ఇద్దరిమీదా అనుమానమే. కాస్త తక్కువ అనుమానం ఉన్న మేడం దగ్గర చేరాడు.

చేతి పనితనం మాత్రం చెప్పుకోవాల్సిందే. సాధన కోసం పెట్టిన కంప్యూటర్లలోకి అందరికంటే ముందు దూరేవాడు. మేడం మాత్రం రోజూ పాఠం ఒకే మాటతో మొదలుపెట్టేది: యజమాని రాసి ఇవ్వందే ఏ యంత్రాన్నీ ముట్టుకోకూడదని. ఢోబ్లేకి ఒళ్లు మండేది. మొదటిరోజు చెప్పింది చాలదా, కాలం గడపడానికి కాకపోతే!

రెండో నెల్లో ఒక మధ్యాహ్నం అందరూ అన్నం డబ్బాలు విప్పుకుంటుంటే, ఢోబ్లే తెరమీద మేడం ఆఫీసు కంప్యూటరు పేరు కనిపించింది. ఈవిడ ఇల్లు ఈవిడ కాపాడుకుంటోందా అసలు? పాస్‌వర్డ్ దగ్గర సంస్థ పేరు కొట్టి చూశాడు. తెరుచుకుంది!

పాఠం మొదలవగానే లేచి నిలబడ్డాడు. "మేడం, మీ ఆఫీసు కంప్యూటర్లోకి వెళ్లొచ్చాను. ఇదా మీరు నేర్పే భద్రత?"

క్లాసంతా కిసుక్కుమంది. ఆవిడ నవ్వలేదు. "ఎవరిని అడిగి వెళ్లారు?"

"బార్లా తీసి ఉంటేనూ..."

"తీసి ఉంటే వచ్చేస్తారా? ప్రతి బ్యాచ్‌లోనూ దాన్నలా పెట్టేది నేనే భావూ. అందులో ఏమీ ఉండదు. నన్ను అనుమానించారు, నా పాఠాన్ని అనుమానించారు. అంత తేలిగ్గా తెరుచుకున్న తలుపుని అనుమానించలేదేం?"

నిలబడ్డ ఢోబ్లే కుర్చీలో కూలబడ్డాడు.

"మీకు శిక్షణ అయిందని నేను రాయను. వచ్చే బ్యాచ్‌లో మొదటినుంచీ కూర్చోండి."

"దీపావళి దాటిపోతుంది మేడం! నా కుర్చీ పోతుంది!"

"తెలుసు. కానీ ఈ చేతుల్ని బ్యాంకు మీదకి వదల్లేను."

విసురుగా మెట్లు దిగి రోడ్డు దాటి అయిదు రోజులవాడి దగ్గరికి వెళ్లాడు. "రండి సార్! మీరు రోజూ రానక్కర్లేదు, శిక్షణ అయినట్టు సాయంత్రానికి రాసిచ్చేస్తాం," అన్నాడతను.

"నాకేం వచ్చో, నేనెలాంటివాణ్ణో అడగరా?"

"అడగడమెందుకు సార్, మీరు పెద్దమనుషులు!"

ఢోబ్లే అతన్ని ఎగాదిగా చూశాడు. ఇదీ బార్లా తీసిన తలుపే. ఈసారి లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు. కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

కుంద పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతోంది. బల్లమీద బోర్లా ఉన్న ఫోను టింగుమంది. అలవాటు కొద్దీ ఢోబ్లే చెయ్యి అటు పోయింది. మధ్యలో ఆగింది.

"కుందా, నీ ఫోను చూడనా?"

రొట్టె తడుతున్న చేతులు ఆగిపోయాయి. "ఏమిటీ?"

"చూడనా అని అడుగుతున్నా."

ఆవిడ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. "వద్దు," అంది.

ఎవరు పంపారు, ఏం పంపారని లోపల ప్రాణం గిలగిల్లాడింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకుని పీట వాల్చుకున్నాడు.

"దీపావళికి మళ్లీ కౌంటర్లోకే," అన్నాడు.

"మరి పరీక్ష?"

"మొదటి పాఠం నుంచి మళ్లీ చెప్పించుకోవాలి."

కుంద పొయ్యి మీది రొట్టె దించింది. కంచంలో వేడి రొట్టె వేసి, పక్కన ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టింది. ఫోను బోర్లాగానే ఉంది.