ఆకు ఆగిన చోటు

సారు పోయారన్న కబురు, ఆదివారం ప్రార్థన ముగిసి చర్చి బయట చెప్పులు తొడుక్కుంటుండగా తెలిసింది. అప్పటికి ఇంకా రోహిణి ఎండలే. ఈ ఏటి వాన చూడకుండానే పోయారే అని బాధపడ్డాను. ఇప్పుడనిపిస్తోంది, చూడకపోవడమే మేలైందని.

బచ్చన్నపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన సాంఘికశాస్త్రం చెప్పేవారు. నదుల పాఠం వచ్చిందంటే పుస్తకం మూయించేవారు. మొదటి పెద్ద వాన పడ్డ రోజున మమ్మల్ని గుట్ట మీదికి తీసుకుపోయి తలా ఒక మోదుగాకు ఇచ్చేవారు. దాన్ని పారే నీళ్లలో వదిలి, అది ఎటు పోతే అటు నడవాలి. ఆగితే తీయకూడదు, తోయకూడదు. ఎందుకు ఆగిందో, ఎవరి పొలం ఒడ్డు అడ్డం వచ్చిందో మర్నాడు లేచి నిలబడి చెప్పాలి.

"కృష్ణ నది యాడ పుట్టింది?" అని అడిగేవారు. మహాబలేశ్వరం అని చెప్పేవాళ్లం. "గదొక పుట్టుక. గీ గుట్ట మీద గూడ పుడ్తది. గుట్ట నీళ్లు చెరువుకు, చెరువు నిండి మత్తడి దుంకితే వాగుకు, వాగు ఏటికి, ఏరు కృష్ణకు. నడుమ ఒక్కడు అడ్డం పడ్డా నది గంత బక్కగైతది."

ఆయన గుడికీ చర్చికీ పోయే మనిషి కాదు. నా భక్తిని మాత్రం ఏనాడూ ఎగతాళి చేయలేదు. "మీ ప్రభువు నీళ్ల మీద నడిచిండంటవు గద బిడ్డా. మనకంత శక్తి లేదు. నీళ్లు నడిచేటందుకు జర తోవ ఇడిస్తే సాలు" అన్నారొకసారి. ఇప్పటికీ మోకరించినప్పుడు ఆ మాట మనసులోకి వస్తుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, అలాగే ఒక్కొక్కరం లేచి చెబుతున్నాం. ఒకడు తన తండ్రి పేరే చెప్పి అందరినీ నవ్వించాడు. నా వంతు వచ్చేసరికి నేల చూస్తూ గొణిగాను.

"గట్టిగ చెప్పు బిడ్డా. నీళ్లకు సిగ్గుంటదా?"

"నా ఆకు మీ చెలక కాడ ఆగింది సారూ."

ఆయన చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టారు. గుట్ట కింద తమ మెట్టచేను, ఆ చెలక సంగతి చెప్పారు.

సాయుధ పోరాటానికి ముందు ఆ చెలకలోంచే కట్టుకాలువ పారేదట. గుట్ట నీళ్లను చెరువుకు చేర్చేది అదే. ఏటా ఎండాకాలం దొర ఊరి జనంతో వెట్టికి పూడిక తీయించేవాడు. సారు తండ్రి ఆ గట్టు మీదే కొరడా దెబ్బలు తిన్నాడు. పోరాటం మొదలై సంఘం బలపడి దొర గడీ విడిచి పారిపోయాక, జనం అతని భూములు పంచుకున్నారు. పంచుకున్న రోజే పారలు పట్టి, పాటలు పాడుతూ ఆ వెట్టి కాలువను పూడ్చేశారు. చిన్నపిల్లవాడైన సారు కూడా తట్టతో మన్ను పోశారు. పూడ్చిన నేల ఆయన తండ్రి వంతుకు వచ్చింది. దున్నిన ఆ చాళ్లలోనే రజాకార్లు ఆ తండ్రిని కాల్చి చంపారు. కాలువ పూడ్చినప్పటినుంచి చెరువు నిండింది లేదు.

"వెట్టి పోవాలె గని, నీళ్లు పోవద్దుండె" అన్నారు సారు. "కాలువ తప్పేమున్నది? తవ్విపిచ్చినోనిది తప్పు."

ఆ వచ్చిన ఎండాకాలం చెలక నడుమ కాలువ తవ్వడం మొదలుపెట్టారు. ఆయన తమ్ముడు అడ్డం వచ్చి కూర్చున్నాడు.

"నాయిన పాణమిడిసిన జాగ ఇది. నీళ్లపాలు చేస్తవా?"

"నాయిన పాణమిచ్చింది మన్నుకా, ఊరంత బువ్వ తినేటందుకా?"

"నీకు జీతమొస్తది. నువ్వు గిట్లనే మాట్లాడ్తవ్."

ఆ మాట విన్నాక సారు చెలకను పంచారు. కాలువ పడ్డ భాగం తాను తీసుకుని మంచి నేల తమ్ముడికి వదిలారు. అన్నదమ్ముల మధ్య మాటలు మళ్లీ కలవలేదు. తర్వాత వానలు బాగా పడ్డ ఒక ఏడు చెరువు మత్తడి దుంకింది. ఊరు ఊరంతా చూడ్డానికి పోతే, సారు మాత్రం కాలువలో చిక్కుకున్న కంప తీస్తూ ఉండిపోయారు.

రిటైరైనా ఎండాకాలం రాగానే పార పట్టుకుని ఒంటరిగా పూడిక తీసేవారు. "సారుకు ఇంక వెట్టి పోలే" అని దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే ఎక్కువ.

దినాల నాడు ఆ శిష్యులంతా వచ్చారు. ఫ్లెక్సీలు కట్టారు. నీళ్ల కోసం బతికిన మహానుభావుడన్నారు. ప్లాస్టిక్ బాటిళ్లలో నీళ్లు పంచారు.

సారుకు పిల్లలు లేరు. తమ్ముడూ అంతకుముందే పోయాడు. చెలక తమ్ముడి కొడుకుకు వచ్చింది. నెల తిరగకముందే పొక్లెయిన్ దిగింది. కాలువ పూడ్చి, ప్లాట్లు చేసి, తెల్ల రాళ్లు పాతారు. కొన్నవాడు నా తరగతివాడే. నాతోపాటు ఆకు వెంట నడిచినవాడే.

"నీళ్లెట్ల పోతయి తమ్మీ?" అని సారు తమ్ముడి కొడుకును అడిగాను.

"పైపు ఏస్తరట అక్కా. నువ్వేం పరేషాన్ గాకు. ప్లాట్లకు పెద్దనాయిన పేరే పెట్టినం, బోర్డు చూసినవా?"

నేను ఎవరికీ శాపాలు పెట్టేదాన్ని కాను. వాళ్లను క్షమించమని ప్రార్థించాలనే రోజూ కూర్చుంటున్నాను. ఆ ఒక్క మాట నోట్లోంచి రావడం లేదు.

మొన్న మొదటి పెద్ద వాన పడింది. గొడుగు వేసుకుని గుట్ట ఎక్కి, ఒక మోదుగాకు వదిలి వెంట నడిచాను. పాత తోవ మరిచిపోలేదు అది. ప్లాట్ల కాడ కొత్త మన్నుకు తగిలి ఆగింది. నేను తీయలేదు, తోయలేదు. ఎర్రనీళ్లు నిలిచి పైకి ఎక్కుతున్నాయి. వాటిలో ఆకు గుండ్రంగా తిరుగుతోంది. దాని పైన, బోర్డు మీద సారు బొమ్మ నవ్వుతోంది.

ఎక్కడ ఆగిందని అడిగితే, మళ్లీ ఆ మాటే చెప్పాలి. నా ఆకు మీ చెలక కాడ ఆగింది సారూ.