కడుపులో పురుగులకో ఆఫీసు ఫైలు

ఆ కాలంలో కడుపులో పురుగులంటే అదంతా పిల్లల వ్యవహారమనే అనుకునేవాళ్ళం. బళ్ళో వరసగా నిలబెట్టి మాత్ర నమిలిస్తారు, ఇంట్లో అమ్మ బెల్లం డబ్బా పై అరలో పెడుతుంది, అంతటితో సరి. మీసాలొచ్చి, ఉద్యోగమొచ్చి, నెల తిరిగేసరికి జీతం తీసుకునే మనిషి కడుపులో కూడా అవి కాపురం పెట్టగలవని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అండమాన్లలో ఇన్ని ఆఫీసుల్లో నా పేరు తెలిసేది కాదు. (దీనిమీద నాకిప్పటికీ ఒక ఫిర్యాదు ఉంది. ఎవరి పేరున పెట్టాలో తెలియక ఊరుకున్నాను.)

నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో, విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో. ఇరవై మూడో ఏట మాయాబందర్‌లో ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. మొదటి ఏడాది ప్రొబేషను. అక్కడే ఉన్న మా పిన్ని ఇంట్లో మకాం. చేరిన మూడో రోజున మా హెడ్ క్లర్కు (అందరూ బడాబాబు అనేవారు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం) నా హవాయి చెప్పుల వంక చూసి, "ఏటి తమ్ముడూ, చేపల బజారుకెళ్తా దారి తప్పి ఇలా వచ్చేసినావేటి?" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆ నలుగురూ ఎవరెవరో, ఏ వరసలో నవ్వారో ఇప్పుడడిగినా చెప్పగలను. మొదటి జీతం చేతికి రాగానే పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి గోల్ ఘర్ బజారులో నల్లటి తోలు బూట్లు కొన్నాను. కాని మాయాబందర్ వానలు బూట్లను బతకనిచ్చేవి కావు. అందుకని రోజూ బూట్లు చంకలో పెట్టుకుని, ప్యాంటు మడిచి, ఉత్తకాళ్ళతో వక్కతోటకి అడ్డంపడి బురదలో నడిచి వెళ్ళేవాణ్ణి. ఆఫీసు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, బూట్లు తొడుక్కుని, టకటకలాడించుకుంటూ బడాబాబు బల్ల ముందునుంచి రెండుసార్లు నడిచేవాణ్ణి. ఆయన తలెత్తి చూసేవారు కాదు. నేను మానేవాణ్ణి కాదు. తెల్లవారుతుండగా ఆ తోటలోకి చెంబులు పట్టుకుని ఎంతమంది వెళ్తారో నాకు తెలియనిది కాదు గాని, నా ధ్యాసంతా బూట్ల మీదే.

ముందు కాలివేళ్ళ సందుల్లో దురద పుట్టింది. వాన కాలమే కదా అనుకున్నాను. రెండు మూడు నెలలయ్యేసరికి ఆఫీసు మెట్లు పన్నెండూ ఎక్కడానికి మధ్యలో ఒకసారి ఆగాల్సి వచ్చేది. భోజనం చేసి కూర్చుంటే రిజిస్టరు మీదే తల వాలిపోయేది. కడుపులో ఎప్పుడూ ఏదో నొక్కుతున్నట్టుండేది, అయినా ఆకలి. అన్నిటికన్నా విడ్డూరం, బియ్యం డబ్బా పక్కనుంచి వెళ్తే చెయ్యి దానంతటదే లోపలికి పోయి గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసేది. "ఒరే, వండి పెడుతున్నాను కదరా, కోడిలాగా ఆ నూకలేరుకోవడమేటి?" అని పిన్ని మొత్తుకునేది. నేను మాత్రం తప్పంతా ఫ్యానుదనీ, కుర్చీదనీ, పిన్ని పప్పుదనీ నిర్ణయించాను. ఫ్యాను గురించి రాతపూర్వకంగా రెండు ఫిర్యాదులు పెట్టాను. పప్పు గురించి కూడా పెట్టేవాణ్ణే, పిన్నికి ఇన్‌వర్డు రిజిస్టరు లేదు.

ఆరు నెలల రిపోర్టు వచ్చింది. చదివి సంతకం పెట్టమని నా చేతికే ఇచ్చారు. బడాబాబు గుండ్రటి అక్షరాలతో, "సోమరి. సీట్లో నిద్రపోవును" అని ఉంది. ఏడాది చివరి రిపోర్టులోనూ అదే వస్తే ఉద్యోగం పోయినట్టే. నా ఉద్యోగం సంగతి మా అమ్మ లంబాలైన్‌లో గడప గడపకీ మిఠాయి పెట్టి మరీ చెప్పుకుంది. ఆ గడపల ముందునుంచి పెట్టె పట్టుకుని వెనక్కి నడవడం తలుచుకుంటే నిద్ర పట్టకూడదు. నాకు పట్టేసింది. లేచాక సంతకం పెట్టనన్నాను. ఆ సాయంత్రం పిన్ని నా ముఖం వెలుతురులోకి తిప్పి చూసి, ఉడకబెట్టిన పెండలంలా పాలిపోయానని, మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ నా కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, చిన్న డబ్బీ ఇచ్చి ఏం తేవాలో చెప్పింది. రక్తం కూడా తీయించింది. రెండు రోజులకి ఫలితం వచ్చింది. కొంకి పురుగులు. పేగుకి కొక్కెంలా పట్టుకుని రక్తం పీలుస్తాయట, ఒంట్లో రక్తం తగ్గి నీరసం, ఆయాసం, నిద్ర, పచ్చి బియ్యం మీద యావ అన్నీ అందుకేనట. బురదలో ఉత్తకాళ్ళతో తిరిగితే అరికాలి చర్మంలోంచే లోపలికి దూరుతాయంది. "చెప్పులు లేవా నీకు?" అని అడిగింది. బూట్లున్నాయి, అవి పాడవకూడదని చంకలో పెట్టుకెళ్తాను అన్నాను. ఆమె అది కూడా కాగితం మీద రాసుకుంది. మరొకరైతే సిగ్గుతో చచ్చేవారు. నాకు మాత్రం పండగలా ఉంది. సోమరితనం కాదు, పురుగులు! అదే రాసివ్వమన్నాను. "పురుగుల సంగతి రాస్తాను. సోమరితనానికి మా దగ్గర పరీక్ష లేదు" అని, పురుగుల మాత్ర అక్కడే మింగించి, ఇనుము మాత్రలు మూడు నెలలకి రాసిచ్చి పంపింది.

ఆ కాగితాన్ని పైన పెట్టి రెండు పేజీల అర్జీ రాశాను, నాపై రాసిన వ్యాఖ్య వెనక్కి తీసుకోవాలని. నకళ్ళు అయిదు. మా ఆఫీసుల్లో ఒక పద్ధతుంది, కాగితం పుట్టిందంటే ప్రతి బల్ల మీదా ఆగి, ప్రతివాడూ "చూచితిని" అని రాస్తేగాని ముందుకు కదలదు. నా పురుగుల్ని ముందు మాయాబందర్ చూసింది, తరవాత ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ పెద్దాఫీసు చూసింది. అక్కడినుంచి ఒక ప్రశ్న తిరిగొచ్చింది. "సదరు పురుగులు ఉద్యోగంలో చేరక మునుపే ఉన్నవా, చేరిన పిదప ప్రవేశించినవా స్పష్టపరచవలెను." చేరిన పిదపే అనీ, చెప్పుల గురించి బడాబాబు అన్న మాట వల్ల బూట్లు కొన్నాననీ, బూట్ల వల్ల ఉత్తకాళ్ళతో నడిచాననీ, కాబట్టి మూలకారణం ఎవరో పైవారే తేల్చాలనీ జవాబిచ్చాను. అప్పటికి నా పేరు కీడాబాబు అయిపోయింది (హిందీలో కీడా అంటే పురుగు). జెట్టీలో టిక్కెట్టు కోసం నిలబడితే ముక్కూమొహం తెలియనివాళ్ళు, "కీడాబాబు, అబ్ తబియత్ కైసీ హై?" అని పరామర్శించేవారు.

చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది, హెడ్ క్లర్కుకి అభ్యంతరం లేనిచో వ్యాఖ్య కొట్టివేయవచ్చునని. అంటే నా ఉద్యోగం తీసుకెళ్ళి, నేను పేరు పెట్టి నేరం మోపిన మనిషి కలం కింద పెట్టారు. వెళ్ళి నిలబడ్డాను. మాత్రల పుణ్యమా అని అప్పటికి ఒంట్లో సత్తువ వచ్చింది. బడాబాబు నా అర్జీ మొదటినుంచి చివరిదాకా చదివారు. మూలకారణం దగ్గర వేలు పెట్టి ఇంకోసారి చదివారు. తరవాత ఎర్ర కలం తీసి ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, బల్ల కిందనుంచి రెండు రిజిస్టర్లు తీసి నా వైపు తోశారు. "మెలకువొచ్చింది గదా. ఇంక నీవి నువ్వు రాసుకో."

తెరిచి చూశాను. నా పేరుతో ఉన్న రిజిస్టర్లే, నా బల్ల మీంచి ఎప్పుడు పోయాయో కూడా నేను చూసుకోలేదు. నాలుగు నెలల నమోదులు ఒక్కటీ బాకీ లేకుండా గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి. పని నిలిచిపోయిందని తేలి ఉంటే ఆరో నెల దాకా నన్ను ఎవరూ ఉంచేవారు కాదు. ఇవి మీరెందుకు రాశారని అడిగాను.

"నిద్దర్లో ఉన్నోణ్ణి లేపి రాయిస్తే తప్పులు రాస్తాడు. మళ్ళీ నేనే దిద్దుకోవాల" అన్నారు, తలెత్తకుండా.

కృతజ్ఞతలు చెప్పాలని సీటుకొచ్చి తెల్లకాగితం తీశాను. విషయం అని రాసి, సదరు హెడ్ క్లర్కు అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాను. ఫిర్యాదు తప్ప మరో నమూనా నా చేతికి తెలియదు. నా కలం కదలడం దూరంనుంచే చూసి బడాబాబు, "ఏదున్నా నోటితో చెప్పు నాయనా, కాగితం మాత్రం పెట్టకు" అన్నారు. నోటితోనూ రాలేదు. తన కడుపులో పురుగుల గురించి రెండు ఊళ్ళ బల్లలన్నిటి మీదా వాదించడానికి రవ్వంత సిగ్గుపడని ఆ కుర్రాడికి ఒక్క మంచి మాట అనడానికి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళ తరవాత వాణ్ణి తలుచుకుంటే కోపం రావాలి. నవ్వే వస్తుంది. ఆ సాయంత్రం జెట్టీ దగ్గర ఆయనకి టీ ఇప్పించాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు, పడవలు చూస్తూ ఇద్దరం తాగేశాం. ఆయన వెళ్ళాక మాత్రం టీలో చక్కెర తక్కువైందని కొట్టువాడితో అరగంట పోట్లాడాను.