శ్రీపతి సేటు రెండు సైకిళ్లు

పసుపు సంచిలో పైన కనిపించే కొమ్మును చూసి శ్రీపతి ఎప్పుడూ ధర చెప్పడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, నడుమ నుంచి ఒక కొమ్ము తీస్తాడు. రెండు చేతులతో పట్టి విరుస్తాడు. టక్కుమని విరిగితే బాగా ఎండినట్టు. వంగితే ఇంకా తడి ఉన్నట్టు. విరిగిన చోట రంగు చూసి, ఒకసారి వాసన చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. ముప్పై ఏళ్లుగా ఆర్మూరులో కమీషన్ దుకాణం నడుపుతున్నాడు. ఒకసారి చెప్పిన ధరను వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు.

అలాంటి మనిషి మొన్న దసరా వెళ్లాక పది పన్నెండు రోజులు ఒక సైకిలు గురించి తేల్చుకోలేక తిప్పలు పడ్డాడు.

వాళ్ల ఇల్లు దుకాణం వెనకే, నేను ఎదురింట్లో ఉంటాను. బడి నౌకరీ అయిపోయాక పొద్దున్నే పేపర్లు చదవడానికి అతని దుకాణం ముందు గద్దె మీదికే పోతాను. ఇంట్లో పేపరు రాక కాదు. అక్కడ పేపరుతో పాటు మనుషులూ ఉంటారు. అందుకే ఈ సంగతంతా దగ్గరి నుంచి చూశాను.

శ్రీపతికి యాభై రెండేళ్లు. ఆరేళ్ల కింద షుగరు బయటపడ్డప్పుడు దవాఖానలో డాక్టరు, "సేటూ, ఒళ్లు వంచుతవా, సూదులు పొడిపించుకుంటవా?" అని అడిగాడట. నడక అతనికి పడలేదు. నడుస్తుంటే దారి పొడుగునా జనం ఆపి ధరలు అడుగుతారు. సైకిలైతే ఆపేలోపు దాటిపోవచ్చు. హైదరాబాదు నుంచి నీలం రంగు రోడ్ బైకు ఒకటి తెప్పించాడు. సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. మొదటి రోజు పక్కనే ఉన్న పెర్కిట్ దాకా తొక్కి, రొప్పుతూ కూలబడి, సైకిలును ఆటోలో వేసుకుని వచ్చాడు. బజారంతా నవ్వింది. మర్నాడు మళ్లీ పోయాడు. ఏడాది తిరిగేసరికి శ్రీరాంసాగర్ కట్ట చూసి, మెండోరలో చాయ్ తాగి, దుకాణం షట్టరు తీసే వేళకు తిరిగి వచ్చేవాడు. సూదుల అవసరం రాలేదు.

ఈత అతనికి చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరి బావిలో వచ్చినదే. పరుగు నిరుడు మొదలుపెట్టాడు. ఈ మూడూ తెలిసినవాణ్ని అతని మేనల్లుడు ప్రణయ్ ఊరకే ఉండనివ్వలేదు. ప్రణయ్ హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు, ఇలాంటి పోటీలకు పోతుంటాడు. డిసెంబరులో జరగబోయే ఒక పోటీకి మామ పేరు కూడా రాయించాడు. దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి.

అంతటితో ఆగలేదు. దసరాకు వచ్చినప్పుడు తన నల్ల సైకిలును కారు వెనక కట్టుకుని తెచ్చి దుకాణం వెనక గదిలో పెట్టాడు. అది ఈ పోటీల కోసమే చేసిన ట్రయథ్లాన్ బైకు. హ్యాండిలు మీద మోచేతులు ఆనించుకోవడానికి రెండు మెత్తలు, వాటి ముందు కొమ్ముల్లా రెండు కడ్డీలు. మోచేతులు ఆనించి, కడ్డీలు పట్టుకుని, తల దించి తొక్కితే గాలి అడ్డు తగలదు. గేర్లు కడ్డీల చివర ఉంటాయి. బ్రేకులు మాత్రం పక్కన, వేరే పిడుల మీద ఉంటాయి. ఈ చివరి ముక్క ముందు ముందు పనికొస్తుంది.

"మామా, నేను కొత్తది తీస్కున్న. గిది నువ్వు తొక్కి చూడు. మంచిగనిపిస్తే ఉంచుకో, నీ నీలందాన్ని నేను తీస్కపోత. మా దోస్తుకు ఒకటి కావాలె. లేదంటే రెండూ ఉంచుకో, నీ ఇష్టం. దీపావళి ముంగట ఆదివారం వస్త, అప్పటికి చెప్పు" అని ప్రణయ్ వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం దగ్గర పడేకొద్దీ శ్రీపతి మాట తగ్గిపోయింది. వెనక గదిలో సంచుల మధ్య ఒకటి నీలంగా, ఒకటి నల్లగా నిలబడి ఉండేవి. లోపలికి పోతాడు, చూస్తాడు, వస్తాడు.

అతని భార్య లక్ష్మీబాయికి ఈ వ్యవహారం నవ్వులాటగా ఉండేది. ఒకరోజు నాకు చాయ్ తెచ్చి ఇస్తూ పంచాయితీ పెట్టింది.

"సార్, మీరే చెప్పుండ్రి. మా ఇంట్ల జొన్నరొట్టెల పెంక ఒకటి, దోసె పెంక ఒకటి ఉన్నయి. రొట్టె పెంక మీద దోసె పోస్తే లేస్తదా? దేని పెంక దానిదే. గట్లనే సైకిల్లు గూడ. రెండూ ఉంచుకోమంటే గీ మనిషి గోడ దిక్కు చూస్తడు."

"నీకేం ఎరుక? ఊకో" అన్నాడు శ్రీపతి.

"నాకు ఎరుక లేకనే ఇరవై ఏడేండ్ల సంది నీకు రొట్టెలు చేస్తున్ననా?"

అతను నవ్వలేదు. లక్ష్మీబాయి నా వైపు చూసి, "చూసిండ్రా? పసుపు పంటకు తెగులొచ్చినట్టు మొఖం పెట్టిండు" అని లోపలికి పోయింది.

ఎడమ మోచేతికి కట్టు ఉండటం నేను అప్పటికే గమనించాను. అడిగితే స్నానాల గదిలో జారానన్నాడు. ఆ రోజే అతను నల్ల సైకిలును తుడుస్తుంటే నేనూ వెనక గదిలోకి పోయాను. వెనక చక్రం దగ్గర గుడ్డ తిప్పుతుండగా టప్పున ఒక మక్కగింజ, అదే మొక్కజొన్న గింజ, రాలింది. ఇద్దరం దాని వైపు చూశాం. మా బజారు దుకాణాల్లో మక్కగింజ కనబడటం వింత కాదు. కానీ సైకిలు బ్రేకు సందులో ఎందుకుంటుంది?

"స్నానాల గదిలో మక్కలు ఆరబోశారా సేటూ?" అన్నాను.

శ్రీపతి గుడ్డ పక్కన పెట్టాడు. తలుపు దగ్గరికి వేసి, ఒక సంచి మీద కూర్చున్నాడు.

"గీ ముచ్చట ఎవలకు చెప్పకుండ్రి సార్. నందిపేట్ తొవ్వల పడ్డ."

పొద్దు పొడవకముందు వెళ్లాడట. మోచేతులు ఆనించి తల దించి తొక్కుతుంటే సైకిలు గాలిలో తేలినట్టే పోయిందట. కాసేపటికి ముందు దారి నల్లగా, నున్నగా, మంచుకు మెరుస్తూ కనిపించింది.

"మన తొవ్వకు ఇన్నొద్దులకు కొత్త తారు ఏసిండ్రనుకున్న సార్. మస్తు ఖుషీ అయ్యి ఇంకింత జోరు చేసిన."

అది తారు కాదు. ఈ కాలంలో మా దిక్కు రైతులు మక్కలను రోడ్డు మీద సగం దాకా ఆరబోస్తారు. రాత్రి మంచు పడకుండా పైన నల్ల కవర్లు కప్పి, అంచులకు రాళ్లు పెడతారు. ఇక్కడ పుట్టి పెరిగి, ఆ మక్కలనే కొని అమ్మే మనిషి, కవరును చూసి కొత్త రోడ్డనుకున్నాడు.

"రాళ్లు కనబడలేదా?"

"తల దించినంక రాళ్లేడ కనవడ్తయి సార్? దగ్గరికొచ్చినంక చూసిన. బ్రేకు పట్టాల్నంటే చేతులు ఆడికెల్లి ఈడికి రావాలె. వచ్చేలోపటే చక్రం మక్కలల్లకు పోయింది."

లేచి చూస్తే ఆ మక్కల మనిషి నీలవ్వ గట్టున నిలబడి ఉందట. అతని దుకాణానికే మక్కలూ పసుపూ తెచ్చే ముసలామె. తల తిప్పుకుని సైకిలు లేపుకుని వచ్చేశాడు.

"దెబ్బ సంగతి కాదు సార్. మల్ల ఎక్కుదామంటే ధైర్యం వస్తలేదు. దినాం పొద్దుగాల దాన్ని మలుపు దాకా నడిపించుకపోయి, మల్ల తెచ్చి పెడ్తున్న. నీలందాన్ని పంపిస్తే ఇగ నాకు తొక్కుడే బంద్. తొక్కుడు బందైతే మల్ల సూదులే. నల్లదాన్ని పంపిస్తే ఎందుకు పంపినవని అడుగుతరు. రెండూ ఉంచుకున్ననంటే, గది గిక్కడ్నే నిలబడి దినాం నా దిక్కు చూస్తది."

"భయమైంది, వద్దని ప్రణయ్‌తో అంటే సరిపోదా?"

"యాభై రెండేండ్ల మామ మేనల్లునికి భయమైందని చెప్పాల్నా? ఇజ్జత్ పోతది సార్. బజార్ల తెలిస్తే ఇంకేమన్నున్నదా?"

భయపడ్డానని చెప్పుకోవడం ఎంత కష్టమో, బడిలో ముప్పై ఏళ్లు పిల్లల ముందు నిలబడ్డవాడిగా నాకూ తెలుసు. శ్రీపతి అలవాటుగా ఆ మక్కగింజను తీసి జేబులో వేసుకున్నాడు.

శనివారం పొద్దున దుకాణం ముందు ట్రాలీ ఆగింది. మక్కల సంచులు. వాటి మీద నుంచి నీలవ్వ దిగింది. ఆమెను చూడగానే శ్రీపతి ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆ ఫోను మోగలేదని నాకు తెలుసు. గద్దె మీద నాతో పాటు పక్క దుకాణం గజేందర్ ఉన్నాడు, లక్ష్మీబాయి అప్పుడే చాయ్ తెచ్చింది.

నీలవ్వ మెట్టెక్కకముందే గొంతెత్తింది. "సేటూ! మోచెయ్యి మానిందా?"

లక్ష్మీబాయి చేతిలో పళ్లెం ఆగిపోయింది. "మోచెయ్యి సంగతి నీకెట్ల ఎరుక అవ్వా?"

"నీకు చెప్పలేదా బిడ్డా? మా మక్కలల్ల పడ్డడు గద! నల్ల సైకిల్ మీద, తల కిందికేసి, దున్నపోతు కుమ్మనీకి వచ్చినట్టే వచ్చిండు. నేను ఓ సేటూ ఓ సేటూ అని ఒర్లుతనే ఉన్న."

గజేందర్ నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసుకున్నాడు. "ఏంది శ్రీపతీ, మక్కలు కొననీకి దుకాణం చాలదని తొవ్వ మీదికే పోతున్నవా?"

శ్రీపతి ఫోను దించాడు. ముఖం పసుపు కొమ్ము విరిచినట్టు ఎర్రగా అయింది. నీలవ్వ మెట్టు మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఎందుకు నవ్వుతవ్ గజేందరూ? నువ్వు పడలేదు గని మా మన్మడు వంశీ బండి మీదికెల్లి పడ్డడు. పాలాయన పడ్డడు. పడ్డోళ్లందరు ఒక్కటే అంటరు, కొత్త రోడ్డేసిండ్రనుకున్నమని. పాపం, గంత ఆశ!" అని తనే నవ్వింది. తర్వాత శ్రీపతి వైపు తిరిగింది. "మల్ల ఆ దిక్కు రాలేదేంది సేటూ? భయమైందా?"

ఎవరూ అడగని మాటను ఆమె ధర అడిగినంత తేలికగా అడిగింది. శ్రీపతి ఒక్క క్షణం నా వైపు చూశాడు.

"అయింది అవ్వా" అన్నాడు.

"అయితది మల్ల. నేనెక్కిన ఆటో బోల్త పడ్డంక ఆరు నెలలు ఆటో ఎక్కలే. నందిపేట్‌కు నడిచే పోయిన. ఎవలేమన్నరు? కాళ్లు నావి." ఇంతలో సంచులు దించుతున్నవాళ్లను కేకేసింది. "మెల్లగ పెట్టుండ్రి! మల్ల కారితే సేటు ఈడ గూడ జారి పడ్తడు."

శ్రీపతి నవ్వాడు. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి, పొట్ట ఊగేలా నవ్వాడు. లక్ష్మీబాయి మాత్రం పళ్లెం కింద పెట్టి అతని చెయ్యి పట్టుకుని కట్టు విప్పి చూసింది. "స్నానాల గదిల జారిన అంటివి? గీ మక్కపొట్టు స్నానాల గదిలెక్కడిది?" అని, జవాబు వినకుండానే వేడినీళ్లకు పోయింది.

ఆదివారం ప్రణయ్ వచ్చాడు. శ్రీపతి అతన్ని కూర్చోనివ్వకముందే నల్ల సైకిలును బయటికి తెచ్చి కారుకు ఆనించాడు.

"గిది నువ్వే తీస్కపో బిడ్డా. దీని మీదికెల్లి పడ్డ, భయమైంది. పోటీకి నీలందాని మీదనే వస్త."

ప్రణయ్ మామ మోచెయ్యి చూసి, "నేను గూడ రెండు సార్లు పడ్డ మామా, నీకు చెప్పలే" అన్నాడు. "మీ ఊరి రోడ్లల్ల నేనైనా దీన్ని తొక్క. చెప్పకుండ ఇచ్చుడు నాదే తప్పు. పోనీ, నీలందానికే మోచేతుల కడ్డీలు బిగిస్త. గవి విడిగ దొరుకుతయి."

"వద్దు. నా చేతులు బ్రేకుల మీదనే ఉండనీ."

"అయితే నీకు అరగంట ఎక్కువ పడ్తది."

"పడనీ. గా అరగంటల ఎవల మక్కలు ఎండుతున్నయో చూసుకుంట పోత."

లక్ష్మీబాయి గుమ్మంలో నిలబడి వింటోంది. "రెండు పెంకలుండాలె అంటే వినకపోతివి" అంది.

"మన ఇంట్ల దోసెలు ఎవలు తింటరే? గా పెంక కొన్నప్పటి సంది తుప్పు పట్టుకుంటనే ఉన్నది."

ఆమె నిజమేనన్నట్టు మూతి తిప్పి లోపలికి పోయింది. కారు పోయాక నల్ల సైకిలు నిలిచిన చోట నీలవ్వ మక్కల సంచులు రెండు పడ్డాయి. అక్కడ ఏదో ఉండేదన్న గుర్తు కూడా లేదు.

సోమవారం నేను పేపరు తెరిచేసరికి శ్రీపతి నీలం సైకిలు మీద తిరిగి వస్తున్నాడు. చెమట పట్టి ఉంది, చేతులు బ్రేకుల మీద ఉన్నాయి. దిగి, మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ చెప్పాడు.

"నందిపేట్ తొవ్వకే పోయిన సార్. నీలవ్వ కవర్ల కాడ దిగి నడిచిన. కట్టెకు ఎర్ర గుడ్డ కట్టి నిలబెట్టింది."

"మీ కోసమేనా?"

"నేను గూడ గదే అడిగిన. 'నీ కోసం ఎందుకు సేటూ, నువ్వు దిగి నడుస్తున్నవ్ గద. కొత్త రోడ్డని ఆశపడేటోళ్ల కోసం' అన్నది."

అని లేచి షట్టరు పైకి లేపాడు. లోపల నుంచి రొట్టెలు కాలుతున్న వాసన వస్తోంది.