చర్చి మైకులో గుంయ్‌మనే శబ్దం

నేను వికారాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. మా అత్తగారి ఊరు తాండూరు. అక్కడికి నేను వెళ్లేసరికి ఏదో ఒకటి చెడిపోయి నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మిక్సీ, ఇస్త్రీపెట్టె, మరిది ఫోను అయ్యాక చర్చి ఆంప్లిఫయర్ వంతు వచ్చింది.

మా ఆయన ఆదివారాలు ఆ చర్చిలో పాటలు పాడతాడు. ఆయన పాటంటే అక్కడందరికీ గురి. కానీ మైకు ఆన్ చేయగానే తుమ్మెదల గుంపు లేచినట్టు గుంయ్‌మనేది. రోడ్డవతల బండల పాలిష్ యూనిట్లో మోటారు తిరిగితే గరగర కూడా తోడయ్యేది.

"నీ సదువు దేవుని పనికైన అక్కరకు రావాలె బిడ్డా. జర సూడరాదు?" అంది అత్తమ్మ.

మూత విప్పి చూశాను. లోపలి బోర్డు చేసినవాళ్లు రాగిని మహా పొదుపుగా వాడారు. కరెంటు తిరిగి వెళ్లే గ్రౌండ్ దారి వెంట్రుకలా సన్నగా బోర్డంతా ఊరేగుతోంది. మైకు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే భాగం పక్కనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుంది. పాటను ఎంత భక్తిగా పెంచేదో, పక్క నుంచి దూరిన రొదనూ అంతే భక్తిగా పెంచేది.

కొత్త బోర్డు నేనే చేశాను. ఒక వైపు రాగిని చెక్కుచెదరనీయకుండా మొత్తం గ్రౌండ్‌కే వదిలేశాను. ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరంగా అవతలి మూలకు తోశాను. బోర్డు మీద అక్కర్లేని రాగిని కరిగించే మందు ఒలికి వంటింటి సింకు మీద పడ్డ మచ్చ ఇప్పటికీ పోలేదు.

ఇంతలో పాలిష్ యూనిట్లో పనిచేసే మా మరిది నున్నటి తాండూరు బండలతో ఒక పెట్టె చేయించి తెచ్చాడు.

"వదినా, దీంట్ల పెట్టు. లోపలికి ఏ సప్పుడూ రాదు."

"ఆ రొద చెవికి వినిపించే చప్పుడు కాదు, మోటారు కరెంటు నుంచి గాలిలో వచ్చే అలజడి. దాన్ని రాయి ఆపదు, రేకు కావాలి" అన్నాను.

"రాయితోని కోటలే కట్టిన్రు, గీ గుంయ్ ఆగదా?" అని అతను చిన్నబుచ్చుకున్నాడు. ఇక ఆ పెట్టెలోనే పెట్టాం. ఎత్తడానికి ఇద్దరు కావలసి వచ్చింది. కొత్త బోర్డు వల్ల గుంయ్ తగ్గింది గానీ, మోటారు గరగర మాత్రం హాయిగా లోపలికి వచ్చేసింది.

చివరికి బిస్కెట్ల రేకు డబ్బా కత్తిరించి, మైకు భాగం చుట్టూ గోడలా కట్టి, గ్రౌండ్‌కు అతికించాను. మైకుకు కూడా పైన రాగి అల్లిక ఉన్న వైరు వేశాను.

ఆదివారం స్విచ్ వేస్తే ఏమీ వినిపించలేదు. "కరెంటు పోయిందా?" అన్నారెవరో. మా ఆయన మైకు మీద వేలితో కొడితే టక్కుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గర్వంగా వెనక్కి వాలి కూర్చున్నాను.

ఆయన పాట మొదలుపెట్టాడు. పుస్తకంలో పేజీ తిప్పడం వినిపించింది. ఊపిరి తీయడం వినిపించింది. రెండో చరణంలో పై స్వరం అందక గొంతు కిందికి జారడం ఇంకా స్పష్టంగా వినిపించింది. చివరి వరుసలో కూర్చున్నవాళ్లు కూడా తలలెత్తారు.

బయటికొచ్చాక అత్తమ్మ చాలా మర్యాదగా చెప్పింది. "మంచిగనే జేసినవ్ బిడ్డా. కని పాతది జర నిండుగ ఉండె."

తిరుగు రైల్లో ఆయన ధారూర్ స్టేషన్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. తర్వాత అడిగాడు.

"నిజం జెప్పు. ఎప్పుడూ గిట్లనే పాడుతున్ననా?"

"ఏమో, నేనూ మొదటిసారి విన్నాను."

ఆయన నవ్వలేదు. పై వారం నుంచి, చర్చిలో కీబోర్డు వాయించే కన్నడం మాట్లాడే టీచరమ్మ దగ్గర పాట నేర్చుకోవడానికి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆవిడ మొదటి రోజే శ్రుతి దించేసింది. ఎన్నాళ్లుగానో తనది కాని ఎత్తులో పాడుతున్నాడట. ఇప్పుడు ఆయన గొంతు నిజంగానే బాగుంటుంది. నేను కూడా కళ్లు మూసుకుని వింటాను.

ఆ మార్పు అందరి ప్రార్థనల ఫలమని పాస్టరుగారు మైకులోనే సాక్ష్యం చెప్పారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చివరి వరుస దాకా వినిపించింది.