ఒరిగినట్టు కనిపించిన గోడ

మా అన్న మేస్త్రి. బాపు పోయాక తాపీ పట్టి, నన్ను నిజామాబాద్‌లో కాలేజీ చదివించింది ఆయనే. ఇంట్లో ఏ సంగతి వచ్చినా "తమ్మిని అడుగుండ్రి, సదువుకున్నోడు" అనేవాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయేవాణ్ణి.

అరవైల్లో ఒక ఎండాకాలం సెలవుల్లో, బోధన్ బజారులో అన్న పని చేస్తున్న చోటికి పోయాను. ఒక కిరాణా సేటు కొత్త దుకాణం కట్టిస్తున్నాడు. దాని పక్కనే వేరేవాళ్ల పాత బెల్లం కొట్టు. ఆ కొట్టు గోడ కుడివైపు బాగా ఒరిగి ఉంది. రోడ్డు మీద నిలబడి చూస్తే అన్న కట్టిన గోడ ఎడమకు వాలినట్టు కనిపించింది. సేటు ఆ మాటే అన్నాడు. గోడ నిలువుగా ఉందో లేదో చూపడానికి అన్న దారానికి కట్టిన ఇనుప గుండు దాని పక్కన వేలాడదీశాడు.

"సక్కగనే ఉన్నది సేటూ, సూడుండ్రి."

కూలీలంతా వింటుండగా నేను నోరు చేసుకున్నాను. "గుండు సంగతి ఇడిసిపెట్టు అన్నా. కండ్లకు కనబడుతలేదా? ఒరిగింది."

అన్న గుండు వంక చూశాడు, నా వంక చూశాడు. గోడ విప్పించాడు. నేను రోడ్డు మీద నిలబడి "ఇంకొంచెం కుడికి" అని చెయ్యి ఊపుతుంటే మళ్లీ కట్టాడు. సేటు మెచ్చుకున్నాడు. సిగ్గులేకుండా నన్ను నేనే మెచ్చుకున్నాను.

మరుసటి ఏడు బెల్లం కొట్టు కూలగొట్టారు. ఒంటరిగా మిగిలిన అన్న గోడ కుడికి వాలి, బజారున పోయే ప్రతివాడికీ కనబడింది. గుండు పట్టడం రాని మేస్త్రి అని నవ్వారు. పని చెప్పేవాళ్లు తగ్గి, చివరికి ఎవరూ రాలేదు. అన్న ఎడపల్లి చేలల్లో చెరుకు కొట్టే కూలికి పోయాడు. గోడ అట్లా కట్టమన్నది ఎవరో ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

బడిపంతులునయ్యాక ఒక పుస్తకంలో చదివాను. ఏటవాలు గీతల పక్కన నిలువు గీత ఉంటే, అది అవతలి వైపు ఒరిగినట్టు కంటికి తోస్తుందట. కన్ను ఏ గీతనూ ఒంటరిగా చూడదట. బోర్డు మీద గీశాను. స్కేలు పెడితే గీత నిలువుగానే ఉందని తేలినా నా కన్ను ఒప్పుకోలేదు. ఆ వారమే అన్న దగ్గరికి పోయాను.

"మొదాలు కట్టిన గోడనే సక్కగుండె అన్నా. తప్పు నాదే."

"గది నాకు గప్పుడే ఎరుక తమ్మీ," అన్నాడు అన్న. "గంతమంది ముంగట నీ మాట తీసేస్తే, సదువుకున్నోని ఇజ్జత్ ఏం గావాలె?"

ఆయన ముందు ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.