రాజేశం కాకకు కొమ్ములు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో కోరుట్లలో నాకు చిన్న ఆర్ట్ స్టూడియో ఉండేది. ఎవరూ తీసుకెళ్లని పాత కాన్వాసుల మీదే కొత్త బొమ్మలు వేసేవాణ్ణి. బంద్ నాడు ఊరేగింపు కోసం కుర్రాళ్లు తెలంగాణకు అడ్డుపడే రాక్షసుడి బొమ్మ అడిగారు. అంతకుముందే కిరాణం కొట్టు రాజేశం కాక నాతో తన బొమ్మ వేయించుకుని, దీక్షా శిబిరంలో పడి దాని సంగతే మరిచాడు. నేను బద్ధకించి దానికే ఎర్ర కళ్లు, కోరలు, కొమ్ములు పెట్టి ఇచ్చేశాను.

చౌరస్తాలో బొమ్మను మొదట చెప్పుతో కొట్టే గౌరవం కాకకే దక్కింది. ఎత్తిన చెప్పు గాల్లోనే ఆగింది.

"ఏందిరా, గీడు అచ్చం నా తీర్గనే ఉన్నడు?"

జనం గొల్లుమన్నారు.

"తప్పయింది కాకా. గది నీ బొమ్మనే" అన్నాను.

ఆయన నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూశాడు. "మీసాలు నాయే గని, కొమ్ములు వానియి. కొట్టుర్రి!" అని తనే మొదలుపెట్టాడు.

నమ్మి అప్పగించిన ముఖాన్ని పాత గుడ్డలా చూసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. తర్వాత కొత్త కాన్వాసు మీద ఆయన బొమ్మ మళ్లీ వేసి ఇంటికి తీసుకెళ్లాను. కాక ఒక మూల రంగును గోటితో గీకి చూశాడు.

"మంచిగున్నది తమ్మీ. గీ రంగు కింద ఎవలున్నరు?"